ఇంట్లో డ్యూటీ దిగేదెప్పుడు?

ఆస్పత్రిలో నర్సు ఎంత చాకిరీ చేసినా డ్యూటీ దిగాక ఇంటికెళ్లి నిద్రపోగలదు. వార్డులో నిన్న ఆపరేషనయిన మనిషి ఉన్నా, రక్తం ఎక్కుతున్న పిల్లాడు ఉన్నా నిద్రపోగలదు. గుండె రాయి చేసుకుని కాదు. దిగేముందు ‘ఓవర్’ ఇచ్చి వచ్చింది కాబట్టి.

ప్రభుత్వాస్పత్రుల్లో మామూలుగా మూడు డ్యూటీలు. ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 దాకా ఒకటి, 2 నుంచి రాత్రి 8 దాకా ఒకటి, రాత్రి 8 నుంచి తెల్లారి 8 దాకా ఒకటి. డ్యూటీ మారేటప్పుడు దిగే నర్సు, ఎక్కే నర్సు కలిసి మంచం మంచానికీ తిరుగుతారు. అదే ఓవర్. ‘‘మూడో బెడ్, హెర్నియా, నిన్న ఆపరేషన్. రెండో సెలైన్ నడుస్తోంది, పదిన్నరకి అయిపోద్ది, ఇంకోటి పెట్టాలి. ఇంకా యూరిన్ పాస్ చెయ్యలేదు, చూసుకో. ఏడో బెడ్, షుగర్ రిపోర్టు ల్యాబ్ నుంచి రావాలి, రాగానే డాక్టరు గారికి ఫోన్ చెయ్యి. పదకొండో బెడ్ దగ్గర మనిషి లేడు, టిఫిన్ తెస్తానని వెళ్లాడు.’’ ఇదంతా రిపోర్టు బుక్కులో రాసి ఉంటుంది. నోటితో చెప్పింది, పుస్తకంలో ఉన్నది ఒకదానికొకటి సరిపోవాలి. మత్తుమందుల అలమరా తాళం చేతులు మారుతుంది, లెక్క చూసుకుని ఇద్దరూ సంతకాలు పెడతారు. ఆ క్షణం నుంచి మూడో బెడ్ ఆవిడది, నాది కాదు.

స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఉద్యోగమంతా గోదావరి జిల్లాల ఏరియా ఆస్పత్రుల్లోనే గడిచింది. ఇప్పుడు ఇంటిపట్టున ఉండి మా కోడలి ఉరుకులు పరుగులు చూస్తుంటే నాకు తోచేది ఒకటే. ఇంట్లో పని ఎక్కువై ఆడవాళ్లు అలిసిపోతున్నారంటాం. అది సగం నిజం. ఆ పనంతా ఒక్క బుర్రలోనే ఉండటం, ఆ బుర్ర దగ్గర ఓవర్ తీసుకునే మనిషి లేకపోవడం మిగతా సగం. టైమ్ మేనేజ్‌మెంట్ పేరుతో వినిపించే సలహాల్లో చాలామటుకు గంటలో ఇంకో రెండు పనులు ఎలా ఇరికించాలన్నవే. నేను చెప్పేది పని ఇరికించడం గురించి కాదు, డ్యూటీ దిగడం గురించి.

లెక్కకు రాని పని

మా కోడలు ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. రాత్రి పదింటికి వంటిల్లు సర్దేసి కూర్చుంటుంది. చేతులు ఖాళీ. బుర్ర మాత్రం తిరుగుతూనే ఉంటుంది. రేపు పెద్దాడికి తెల్ల యూనిఫాం, ఆరిందో లేదో. పాలు తోడేశానా? ఎల్లుండి ఇడ్లీ అంటే రేపు మధ్యాహ్నానికి పప్పు నానాలి, అప్పటికి నేను స్కూల్లో ఉంటాను, అత్తయ్యగారికి చెప్పాలి. గ్యాస్ బండ పెట్టి ఎన్నాళ్లయింది? మామయ్యగారి బీపీ మాత్రలు ఈ వారంతో సరి. వాటర్ క్యాన్ల అబ్బాయికి బాకీ. ఆదివారం ఓణీల ఫంక్షన్, చదివింపులకి కవరు కొనాలి. చిన్నదాని డైరీలో ఏదో సంతకం అడిగారు.

కేంద్ర గణాంక శాఖ 2019లో ఒకసారి, 2024లో ఒకసారి దేశమంతటా టైమ్ యూజ్ సర్వే చేసింది. తెల్లవారుజామున 4 నుంచి మర్నాడు 4 దాకా ఏ అరగంటలో ఏం చేశారో ఇంటింటికీ వెళ్లి అడిగి రాసుకున్నారు. జీతం రాని ఇంటిపని చేసేవాళ్లలో 2019లో ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెట్టారు. 2024కి వచ్చేసరికి అవి 289, 88 అయ్యాయి. ఇద్దరికీ కాస్త తగ్గింది. తేడా మాత్రం 202 నిమిషాల నుంచి 201 నిమిషాలకి వచ్చింది, అంతే.

ఇంత లెక్కలోనూ ‘రేపు పప్పు నానబోయాలి’ అని గుర్తుపెట్టుకోవడానికి అరగంట గడి ఏదీ లేదు. అది స్నానం చేస్తూ, బోర్డు మీద లెక్క వేస్తూ, బస్సులో నిలబడి చేసే పని. అమెరికా సామాజిక శాస్త్రవేత్త అలిసన్ డామింజర్ 35 జంటల్ని విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడి 2019లో ఈ కనపడని పనిని నాలుగు ముక్కలుగా విడదీసి చూపించింది. ఏం కావాల్సొస్తుందో ముందే ఊహించడం, దానికి ఉన్న దారులు వెతకడం, ఒకటి తేల్చుకోవడం, అయిందో లేదో కనిపెట్టి ఉండటం. తేల్చుకునే దగ్గర మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉంటున్నారు. ముందు ఊహించడం, చివర కనిపెట్టి ఉండటం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నాయి. ఆవిడ చూసింది అమెరికా ఇళ్లను. మన వీధిలో ఏ ఇంటి తలుపు తట్టినా ఇదే కనిపిస్తుందని నేననుకుంటాను.

రాస్తే నిద్రెందుకు పడుతుంది?

మనిషి ఒకేసారి మనసులో పట్టి ఉంచగలిగేవి నాలుగుకి అటూ ఇటూ అని మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ అంతకుముందు జరిగిన ప్రయోగాలన్నీ తిరగేసి 2001లో చెప్పాడు. మా కోడలి చిట్టా ఎంతుందో చూశారుగా. నాలుగు దాటాక ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అందుకే కుక్కర్ మూత పెడుతుంటే మాత్రలు గుర్తొస్తాయి, మందుల షాపు ముందునుంచి నడిచి వచ్చేటప్పుడు గుర్తురావు.

అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వాళ్లు 57 మంది కుర్రకారుతో చేసిన ప్రయోగం ఒకటి 2018లో వెలువడింది. పడుకునేముందు ఐదు నిమిషాలు కొందరిచేత రాబోయే రోజుల్లో చెయ్యాల్సిన పనులు, మిగతావాళ్లచేత అయిపోయిన పనులు రాయించారు. చెయ్యాల్సినవి రాసినవాళ్లకి సగటున 9 నిమిషాలు ముందుగా నిద్రపట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత తొందరగా పట్టింది. దిగులు పెంచే జాబితాయే నిద్ర తెచ్చిందంటే మొదట వింతగా ఉంటుంది. నైట్ డ్యూటీలు చేసినవాళ్లకి వింతేం కాదు. రిపోర్టు రాసేశాక వచ్చే తేలిక మాకు తెలుసు.

ఇంకో సంగతి మసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో చూపించారు. మిగిలిపోయిన పని మనసుని తొలుస్తుంటే ఆ పని పూర్తి చేసేస్తేనే తెరిపి అనుకుంటాం. అక్కర్లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తామో తేల్చుకుంటే చాలు, తొలవడం ఆగుతుంది. ‘మాత్రలు తేవాలి’ అని రాస్తే ఆగదు. ‘శుక్రవారం వచ్చేటప్పుడు గడియారస్తంభం దగ్గర షాపులో, రెండు స్ట్రిప్పులు’ అని రాస్తే ఆగుతుంది. వార్డులో కూడా ‘సెలైన్ చూడాలి’ అని రాయం, ‘పదిన్నరకి మార్చాలి’ అని రాస్తాం.

దారం కట్టిన పెన్ను

ఎక్కడ రాయాలి? కొత్త డైరీలు, యాప్‌లు తర్వాత సంగతి. తెలుగువాళ్ల ఇళ్లలో రిపోర్టు బుక్కు ఎప్పుడో ఉంది, గోడ క్యాలెండర్. బ్యాంకువాళ్లో, కిరాణా కొట్టువాళ్లో, ఎరువుల కొట్టువాళ్లో ఇచ్చింది. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం పోగా ప్రతి గడిలో బొటనవేలంత చోటు మిగులుతుంది. మా అత్తగారు ఆ చోటులోనే పాలు రాని రోజు ఇంటూ కొట్టేది, చాకలికి వేసిన బట్టల లెక్క రాసేది, బండ మార్చిన రోజు ‘గ్యాస్’ అని రాసి చుట్టూ సున్నా చుట్టేది. ఏ యాప్ వచ్చినా ఇంతకన్నా గొప్పగా చేసేదేం లేదు.

మా ఇంట్లో ఆ క్యాలెండర్ పూజగదిలో ఉండేది. దాన్ని ఫ్రిజ్ పక్క గోడకి మార్చాను, అందరూ రోజుకి పదిసార్లు వెళ్లే చోటికి. మేకుకి దారం, దారానికి బాల్‌పెన్ను. పెన్ను కట్టెయ్యకపోతే ఎవరో ఒకరు ఒక్క సంతకానికని పట్టుకెళ్తారు, ఇక రాదు. ఇది ఏ వార్డులో పనిచేసిన నర్సునడిగినా చెప్తుంది. కిందటి కార్తీక మాసం పేజీ ఇప్పుడు తిరగేస్తే సోమవారాల గళ్లలో ‘ఉపవాసం, టిఫిన్ బయట’ అని ఉంది. కోడలు పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదని దానర్థం. తెచ్చేది మా అబ్బాయి కాబట్టి పక్కన వాడి పొడి అక్షరం. ఒక గడిలో ‘నాన్న, లైఫ్ సర్టిఫికెట్’, దానిమీద అడ్డగీత. ఇంకో గడిలో ‘సైన్స్ చార్టు’, మా పెద్ద మనవడి కోడికాళ్ల రాతలో. ఆ చార్టు పేపరు రాత్రి తొమ్మిదింటికి కాకుండా సాయంత్రమే ఇంటికొచ్చింది.

ఫోన్లో పెట్టుకుంటే సరిపోదా అంటారు. అలారానికి ఫోను మంచిదే. కానీ నా ఫోన్లో ఉన్నది నాకొక్కదానికే తెలుస్తుంది, గోడమీద ఉన్నది ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులో పెడితే మర్నాటి గుడ్ మార్నింగుల కింద కప్పబడిపోతుంది. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి ఇంట్లో గోడ క్యాలెండర్ లేదు. మొగుడూ పెళ్లాం ఇద్దరి ఫోన్లలోనూ ఒకటే క్యాలెండర్ కనపడేలా పెట్టుకున్నారు. అదీ పద్ధతే. ఒక ఇంటికి ఒకటే పుస్తకం ఉండాలన్నది సూత్రం. కొంత ఫోన్లో, కొంత ఫ్రిజ్ మీద చీటీలో, కొంత బుర్రలో ఉంటే ఏదీ నమ్మలేం. నమ్మలేనప్పుడు మళ్లీ అన్నీ బుర్రకే ఎక్కుతాయి.

ప్రతిదీ స్టాట్ కాదు

కేస్‌షీట్‌లో డాక్టరు గారు మందు పక్కన పొడి అక్షరాలు వేస్తారు. ఓడీ అంటే రోజుకొకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, హెచ్ఎస్ పడుకునేముందు, ఎస్ఓఎస్ అవసరపడితేనే, స్టాట్ అంటే ఉన్నపళంగా. వార్డంతా కలిపి చూసినా రోజులో స్టాట్‌లు కొద్దే. మిగతావన్నీ వాటి వాటి వేళకి. ఒక మనిషి పాతికమందిని చూడగలుగుతోందంటే ఈ విభజన వల్లే.

ఇంట్లో అలా కాదు. కరెంటు బిల్లు, విరిగిన బకెట్టు, పక్కింటివాళ్ల గృహప్రవేశం, పిల్లాడి జ్వరం, అన్నీ ఒకే గొంతుతో పిలుస్తాయి. అందుకని నేను మా ఇంటి పనుల్ని మూడు రకాలు చేశాను. గంట కట్టినవి: స్కూలు వ్యాను, మున్సిపాలిటీ కుళాయి వచ్చే వేళ, మాత్రలు. రోజు కట్టినవి: ఆ రోజులో ఎప్పుడైనా అవ్వచ్చు, కానీ ఆ రోజే అవ్వాలి. వారం కట్టినవి: ఈ వారంలో అయితే చాలు. గంటకొట్టినట్టు చెయ్యాల్సినవి రోజుకి నాలుగైదు మించవు. వాటికే గంట రాయండి. ఇల్లు తుడవడానికి, బీరువా సర్దడానికి కూడా గంటలు వేసుకుని టైంటేబుల్ రాసుకున్నవాళ్లు తొమ్మిదింటికల్లా వెనకబడతారు, పదింటికల్లా ఆ కాగితం చింపేస్తారు.

పనికి పట్టే సమయం అంచనా వెయ్యడంలో అందరం ఒకే రకంగా పొరపడతాం. కెనడాలో రోజర్ బ్యూలర్ అనే ఆయన, ఇంకొందరు కలిసి డిగ్రీ చివర్లో థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్నాళ్లకి పూర్తవుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్లు అంటే 49 అన్నారు. తీరా పట్టింది 55 రోజుల పైన. ఈ ఫలితం 1994లో అచ్చయింది. మన దగ్గరకొస్తే ఒక్క పూటలో బ్యాంకు, ఆధార్ సెంటరు, టైలరు మూడూ అయిపోతాయనుకుని బయల్దేరతాం. బ్యాంకులో సర్వర్ ఉండదు, ఆధార్‌లో ఓటీపీ రాదు, టైలరు హుక్కులు కుట్టి ఉండడు. బయటి పని పూటకొకటే పెట్టుకోండి. రెండోది అయితే లాభం అనుకోండి. రోజులో ఒక గంట దేనికీ కేటాయించకుండా వదిలెయ్యండి. వార్డులో ఎమర్జెన్సీ కోసం ఒక మంచం దుప్పటి పరిచి ఖాళీగా ఉంచుతాం, దాన్ని చూసి ఎవరూ దండగ అనరు.

‘తెల్ల మాత్రండీ, చిన్నది’

డ్రెస్సింగ్‌కి వెళ్లేముందు ట్రే సర్దుతాం. ఫోర్‌సెప్స్, కత్తెర, గాజు గుడ్డ, దూది, బెటాడిన్, ప్లాస్టర్, కిడ్నీ ట్రే. కట్టు విప్పాక ప్లాస్టర్ కోసం పరిగెత్తే నర్సుని చూస్తే హెడ్ నర్సుకి ఒళ్లు మండుతుంది. పూజకి కూర్చునేముందు అగ్గిపెట్టెతో సహా పళ్లెంలో సర్దుకునే మనం, స్కూలుకి పంపేటప్పుడు మాత్రం సాక్సు ఒక గదిలో, ఐడీ కార్డు ఇంకో గదిలో, వాటర్ బాటిల్ మంచం కింద వెతుక్కుంటాం. ఒక పనికి కావాల్సినవి ఒక చోట. ఇంతకుమించి సర్దుబాటు శాస్త్రం లేదు.

అన్నిటికన్నా ముందు సర్దుకోవాల్సిన ట్రే ఒకటుంది. అది లేక జనం పడే పాట్లు ఉద్యోగమంతా చూశాను. రాత్రి రెండింటికి పెద్దాయన్ని క్యాజువాలిటీకి తెస్తారు. ఏం మందులు వాడుతున్నారని అడుగుతాం. ‘‘తెల్ల మాత్రండీ, చిన్నది. ఇంకోటి కాస్త గులాబీ రంగు.’’ తెల్లటి చిన్న మాత్రల్లో బీపీవి ఉన్నాయి, షుగరువి ఉన్నాయి, థైరాయిడ్‌వీ ఉన్నాయి. ఏ మందైనా పడదా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఈలోగా ఆరోగ్యశ్రీ కార్డు కావాలనగానే కొడుకు బండేసుకుని మళ్లీ ఊరికి. తండ్రి పక్కన ఉండాల్సిన గంట రోడ్డుమీద పోతుంది.

ఒక ఎర్ర ఫైలు కొనండి. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక కాగితం: పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, ఉన్న జబ్బులు, వాడే మందుల పేర్లు ఎన్ని ఎంజీలో సహా, పడని మందులు, అయిన ఆపరేషన్లు. ఆఖరి ప్రిస్క్రిప్షను, ఈసీజీ ఉంటే అదీ. ఆధార్ జిరాక్సు, ఆరోగ్యశ్రీ అయినా ఎన్టీఆర్ వైద్య సేవ అయినా ఇన్సూరెన్సయినా ఆ కార్డు నకలు. రెండు ఫోను నంబర్లు. వీధి తలుపు దగ్గర తగిలించండి. 2015 నుంచి డిజీలాకర్ ఉంది, లైసెన్సులు, మార్కుల మెమోలు అందులో దాచుకోవచ్చు. మంచిదే. కానీ రాత్రి రెండింటికి ఛార్జింగ్ లేని ఫోను కన్నా కాగితం నయం.

గడప దగ్గర చదివే చీటీ

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల చెక్‌లిస్టు తెచ్చింది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో ఒక్కో ఆస్పత్రిలో దాన్ని వాడి చూశారు. ఆపరేషన్ తర్వాత చనిపోయేవాళ్లు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, చిక్కులొచ్చేవాళ్లు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గారని 2009 జనవరిలో ప్రకటించారు. ఆ పంతొమ్మిదిలో కొత్త వైద్యమేం లేదు. రోగి పేరు అడిగారా, కుడివైపా ఎడమవైపా, మాప్ గుడ్డల లెక్క సరిపోయిందా, అలాంటివే. అందరికీ తెలిసినవే. తెలిసినా హడావుడిలో జారిపోయేవి. అందుకే ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్లు ఆగి జవాబు చెప్పాలి.

మా వీధి తలుపు లోపలివైపు ఒక చీటీ అంటించి ఉంది. ఊరెళ్లేటప్పుడు మావారు చదువుతారు, నేను చూసొస్తాను. గ్యాస్, మోటారు, గీజరు, ఇస్త్రీపెట్టె, పెరటి గడియ, పాలబ్బాయికి చెప్పడం. ఆరే. బస్సెక్కాక ‘గ్యాస్ కట్టానా లేదా’ అన్న పీడ పోయింది. చెక్‌లిస్టు పొట్టిగా ఉండాలి, జారిపోయేవే అందులో ఉండాలి. బట్టలు పెట్టుకున్నారా అని రాయక్కర్లేదు.

ఏడాదికోసారి వచ్చేవాటికి జనవరిలో కొత్త క్యాలెండర్ తగిలించిన రోజే గళ్లు నింపేస్తాం. ఇంటిపన్ను ఏడాదిది మొత్తం ఏప్రిల్ 30 లోగా కడితే మున్సిపాలిటీలు 5 శాతం తగ్గిస్తుంటాయి. జీతగాళ్లు రిటర్ను వెయ్యడానికి మామూలు గడువు జులై 31. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. రైల్వేలో రిటైరయిన మావారు ఇప్పుడు బ్యాంకు లైన్లో నిలబడకుండా జీవన్ ప్రమాణ్‌లో ఫోనుకి మొహం చూపించి ఇచ్చేస్తున్నారు. గ్యాస్ పొయ్యి ట్యూబు ఐదేళ్లకోసారి మార్చాలి, కాబట్టి ట్యూబు మీదున్న తేదీ చూసి క్యాలెండర్ వెనక రాసి ఉంచాం. కొత్త క్యాలెండర్ వచ్చినప్పుడు అది దానిమీదికి ఎక్కుతుంది.

సాయం వేరు, ఓవర్ వేరు

ఇవన్నీ పెట్టినా కోడలి అలసట పెద్దగా తగ్గలేదు. ఎందుకో ఒక సాయంత్రం వంటింటి గుమ్మం దగ్గర తెలిసింది. మా అబ్బాయి మంచివాడు, సాయానికి ఎప్పుడూ ముందుంటాడు.

‘‘ఏం తేవాలో చెప్పు, తెచ్చేస్తా’’ అన్నాడు బండి తాళాలు తిప్పుతూ.

‘‘ఏం తేవాలో చూసుకోవడమే కదండీ అసలు పని’’ అంది కోడలు, కూర కలుపుతూనే.

నేను కలగజేసుకున్నాను. ‘‘ఒరే, మీ నాన్న మందులు ఇవాళ్టినుంచి నీవి. ఎన్ని మిగిలాయో చూడ్డం, ఎప్పుడు తేవాలో తేల్చడం, తేవడం, డబ్బాలో సర్దడం, అన్నీ.’’

‘‘సరేనమ్మా, అయిపోవస్తే చెప్పు.’’

‘‘అయిపోవస్తున్నాయని కనిపెట్టడం కూడా నీదేరా.’’

తేడా అంతా అక్కడే ఉంది. చెప్పిన పని చేసేవాడు సాయం చేస్తున్నాడు. చెప్పేవాళ్లు ఇంకా డ్యూటీలోనే ఉన్నారు. పని తలా తోకతో సహా చేతులు మారితేనే ఓవర్. అలా పంచుకున్నాం. మందులు, గ్యాస్, కరెంటు బిల్లు, పిల్లల స్కూలు డైరీ మా అబ్బాయివి. పాలు, కూరలు, నీళ్లు, ఇంటిపన్ను మావారివి. మధ్యాహ్నం నానబోయడం, రుబ్బడం, చిన్నదాని స్నాక్స్ డబ్బా నావి. ఏడో తరగతి పెద్దాడి యూనిఫాం, బ్యాగు, చార్టులు వాడివే. వంట, ఖర్చుల లెక్క కోడలివి, ఆదివారం పొద్దున తప్ప.

ఓవర్ తీసుకోవడం ఎంత కష్టమో ఇవ్వడమూ అంత కష్టం. మా అబ్బాయి గ్యాస్ బుక్ చెయ్యడంలో ఆలస్యం చేశాడు. రెండ్రోజులు కరెంటు పొయ్యి మీద వంట. కోడలు ఏజెన్సీకి ఫోన్ చెయ్యబోతే ఆపాను. ఓవర్ ఇచ్చిన బెడ్ దగ్గరికి మళ్లీ వెళ్లి కెలక్కూడదమ్మా అన్నాను. ఆ రెండ్రోజులూ ఎవరం వాణ్ని ఒక్క మాటనలేదు. ఇప్పుడు బండ మార్చిన రోజే తర్వాతిది ఎప్పుడు బుక్ చెయ్యాలో క్యాలెండర్‌లో వాడే రాస్తున్నాడు. అన్నిటికీ ఈ పాఠం పనికిరాదు. బీపీ మాత్రలు అయిపోతే గానీ బుద్ధి రాదని ఊరుకోలేం. కాబట్టి మాత్రలు ఎప్పుడూ పది రోజులకి మిగులుండాలి, మిగులు తగ్గితే ఎవరైనా అడగచ్చు. ప్రాణం మీదికి వచ్చేవాటికి మిగులు పెట్టుకోవాలి, మిగతావాటికి ఓర్పు పెట్టుకోవాలి.

రోజూ రాత్రి భోజనాలయ్యాక క్యాలెండర్ దగ్గర నిలబడి మాట్లాడుకుంటాం. కూర్చోం. కూర్చుంటే టీవీ వస్తుంది. అడిగేవి మూడే. రేపు గంట కట్టినవి ఏంటి? ఎవరెక్కడికి వెళ్తున్నారు? ఇవాళ్టివి మిగిలినవేంటి, ఎవరు తీసుకుంటారు? ‘ఎందుకు చెయ్యలేదు’ అన్న ప్రశ్న ఆ వేళ నిషిద్ధం. అది మొదలైతే మర్నాటినుంచి ఎవరూ రారు.

జాబితాతో తీరనివి

వార్డు నిండా రోగులుండి రాత్రంతా ఒక్క నర్సే ఉంటే ఎంత చక్కగా రిపోర్టు రాసినా ఆవిడ పడిపోతుంది. ఆవిడకి కావాల్సింది పెన్ను కాదు, ఇంకో మనిషి. ఇళ్లలోనూ అంతే. మంచం పట్టిన పెద్దవాళ్లని చూసుకుంటూ, ఉద్యోగం చేస్తూ, చంటిపిల్లని పెంచుతున్న మనిషికి టైమ్ మేనేజ్‌మెంట్ చెప్పడం అన్యాయం. అక్కడ ఆడపడుచో, అన్నదమ్ములో, జీతానికి ఆయానో రావాలి. రాకపోతే పని తగ్గాలి. జాబితా రాయడం వల్ల ఒక లాభం, ఏది కొట్టెయ్యచ్చో కంటికి కనిపిస్తుంది. వడియాలు ఇంట్లోనే పెట్టాలా? పిలిచిన ప్రతి పేరంటానికీ వెళ్లాలా? పిల్లాడు మూడు ట్యూషన్లకి తిరగాలా? మేం వేసవి ఆవకాయ తప్ప తక్కిన పచ్చళ్లన్నీ కొనుక్కుంటున్నాం. ఎవరికీ ఏం కాలేదు.

పని తగ్గినా నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, ఆకలి చచ్చిపోవడం వారాల తరబడి ఉంటే అది సర్దుబాటు సమస్య కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన సమస్య. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడచ్చు.

మొదలెట్టడం ఎలాగంటే, ఈ ఆదివారం ఇంట్లో రాయడం వచ్చిన అందరికీ తలా ఒక కాగితం, పెన్ను ఇవ్వండి. చేస్తున్న పనులు కాదు, ఎవరికి వాళ్లు గుర్తుపెట్టుకుంటున్న పనులు రాయమనండి. పావుగంట చాలు. కాగితాలు పక్కపక్కన పెట్టండి. ఒకరిది వెనకపేజీకి వెళ్తుంది, ఒకరిది నాలుగు లైన్లలో అయిపోతుంది. వాదించుకోవాల్సిన పనుండదు, పొడుగు అందరికీ కనపడుతుంది. పొడుగు కాగితం మనిషి దగ్గర్నుంచి, తలా తోకా ఉన్న పని ఒకటి ఏరి, పొట్టి కాగితం మనిషికి ఇవ్వండి. ఒక నెల వెనక్కి తీసుకోకండి.